ఊరకుంటే ఒప్పుకున్నట్టే

తుడియలూరు బస్టాండు పక్కన నేను రోజూ కాఫీ తాగే అంగడిలో ఒక టీవీ ఉంది. శాసనసభ జరిగే రోజుల్లో యజమాని దాన్ని వార్తల మీదే ఉంచుతాడు. మొన్న నేను గ్లాసు పట్టుకుని వీధివైపు తిరిగి కూర్చుని ఉండగా వెనకనుంచి దబదబమని చప్పుడు వచ్చింది. తిరిగి చూడనక్కరలేదు. సభ్యులు అరచేతులతో బల్లలు చరుస్తున్నారు. ఏదో బిల్లు నెగ్గింది. ఏ బిల్లని అడిగితే అంగడిలో ఎవరికీ తెలియదు. "ఏదో మంచిదే ఉంటాది సార్, అంతమంది తడతా ఉండారే" అన్నాడు కాఫీ కలిపే మనిషి. ఆ చప్పుడు వింటే నాకు కోపం వస్తుంది. ఆ కోపం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, మార్తా టీచర్ దగ్గర నేర్చుకున్నది.

మార్తా టీచర్ మునిసిపల్ బడిలో తమిళం చెప్పి రిటైరయిన మనిషి. మా వీధి చివర వాగు దాటితే పారిశుద్ధ్య పనివాళ్ళ కాలనీ ఉంది. ఆమె తల్లిదండ్రులు ఆ పనిలోనే ఉండేవారు. ఆమె అక్కడే పుట్టింది, అక్కడినుంచే చదువుకుంది, ఉద్యోగం వచ్చాక కూడా వేరే చోటికి పోలేదు. మా ఇంట్లోనూ తెలుగే, వాళ్ళ ఇళ్ళలోనూ తెలుగే. మా పెద్దలు ఎన్నో తరాల కిందట ఈ తమిళ సీమకు వచ్చి భూములు సాగు చేశారు. వాళ్ళ పెద్దలూ అలాగే వచ్చి ఊరి మురికి ఎత్తారు. భాష ఒకటే అయినా వాగు దాటి వెళ్ళి కాఫీ తాగినవాళ్ళు మా వీధిలో బహు తక్కువ. నేనూ పంపుల వర్క్‌షాపులో గుమస్తా పని అయిపోయి ఇంట్లో కూర్చున్నాకే ఆమెను ఎరిగాను.

ఎరిగింది గ్రంథాలయంలో. నేను పేపరు చదువుతుంటే ఎదురు కుర్చీలో కూర్చుని, తమిళ పద్ధతిలో తమ్ముడని పిలిచి అడిగింది: "తంబి, మీరేనా దినామూ డైరీ రాసేది?"

"అవును టీచర్."

"ఏం రాస్తారు?"

"లేచింది, తిన్నది, ఎవరొచ్చింది, వాన పడిందీ పడనిదీ..."

"వాన సంగతి పక్కింటోళ్ళని అడిగినా చెప్తారు. సట్టసబలో ఏం జరగతా ఉండాదో రాయండి. అది మనకి ఎవురూ చెప్పరు."

అలా ఆమె నన్ను పనిలో పెట్టింది. శాసనసభ సమావేశాలు మొదలైతే ఏ రోజు ఏ బిల్లు సభలో పెట్టారు, ఏ రోజు చర్చకు తీసుకున్నారు, అసలు చర్చ జరిగిందా, గవర్నరు సంతకం అయిందా, గెజెట్‌లో వచ్చిందా అన్నది రాయడం నా వంతు. బిల్లు పూర్తి పాఠం కంప్యూటర్ సెంటర్‌లో అచ్చు తీయించి తేవడం కూడా నాదే. చదవడం ఆమె వంతు. ఆమె ఇంటి బల్ల మీద రెండు కుప్పలు ఉండేవి. మంచి బిల్లుల మీద బరువుకు నేను వర్క్‌షాపునుంచి తెచ్చిన పాత పంపు చక్రం, చెడ్డవాటి మీద బొగ్గుల ఇస్త్రీ పెట్టె. అయితే ఏది ఏ కుప్పలోకి పోవాలో తేల్చేది ఆమె తల్లి ఎస్తేరమ్మ. కాలనీ అంతా ఆమెను అవ్వ అనేవారు. ఏ భాషా చదవడం రాని మనిషి. టీచర్ ప్రతి బిల్లునూ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోకి మార్చి అవ్వకు చెప్పేది. అవ్వకు అర్థమయ్యేదాకా ఆ కాగితం మధ్యలోనే ఉండేది.

"ఇంత కష్టం దేనికి టీచర్?" అని అడిగాను ఒకసారి.

"సట్టం తమిళ్‌లో ఏమైనా దాచొచ్చు తంబి. ఇంగ్లీష్‌లో ఇంకా బాగా దాచొచ్చు. మన ఇంటి తెలుగులో దాచను చోటు లేదు. అంత చిన్న ఇల్లది."

అది నిజమని నేను కళ్ళారా చూశాను. అంగళ్ళలో పనిచేసేవాళ్ళు కూర్చోవడానికి ఆసనం ఉండాలనే బిల్లు వచ్చినప్పుడు టీచర్ రెండు వాక్యాల్లో చెప్పేసింది. అవ్వ నోట్లో వక్క పక్కకు తోసి, "ఇంతకాలం ఆ ఆడపిల్లలు నిలబడే ఉండారా? కూసోను కూడా సట్టం కావాల్నా? థూ, పెట్టు మంచి దాంట్లో" అంది. ఆ కాగితం వెంటనే పంపు చక్రం కిందికి పోయింది.

తరువాత ఒక సమావేశంలో పనివాళ్ళ నివాసాల మెరుగుదల బిల్లు అని ఒకటి వచ్చింది. పేరు చూసి నేను సంతోషించాను. టీచర్ ఆరో సెక్షన్ దగ్గర ఆగిపోయి రెండోసారి చదివింది. కాలనీలో ఇళ్ళను వరుసలవారీగా తీసుకుని వేరే చోట అంతస్తుల ఇళ్ళు ఇస్తారట. ఒక వరుసలో సగం మందికి మించి ఒప్పుకుంటే మొత్తం వరుస ఒప్పుకున్నట్టేనట. గడువులోగా అభ్యంతరం రాసి ఇవ్వనివాళ్ళు అంగీకరించినట్టు భావించబడుదురట. ఈ చివరి మాటను టీచర్ అవ్వకు ఇలా చెప్పింది: "నువ్వు ఊరకుంటే సరే అన్నట్టేనంటమ్మా."

అవ్వ నవ్వింది. తరువాత నవ్వు ఆగిపోయింది. "అదెట్లా? పిల్లని అడగను వచ్చినోళ్ళు నచ్చకుంటే మనం ఏం చెప్తాం? మజ్జిగ ఇస్తాం, ఊరకుంటాం. వాళ్ళే తెలుసుకొని లేసి పోతారు. ఊరకుండేది అంటే వద్దనే కదే!"

టీచర్ నా వైపు చూసింది. మా ఇంట్లోనూ అదే పద్ధతి. గడప తొక్కి వచ్చిన మనిషి మొహం మీద వద్దనడం మా వాళ్ళెవరికీ చేతకాదు. మౌనమే మా నిరాకరణ. ఆ చట్టం రాసినవాళ్ళకు మా పద్ధతి తెలిసి ఉండదు. తెలిసినా వాళ్ళకు పట్టి ఉండదు. కాగితం ఇస్త్రీ పెట్టె కిందికి పోయింది కానీ, ఆ రోజు ఇద్దరం కాఫీ ముట్టలేదు.

మా నియోజకవర్గం శాసనసభ్యుడి దగ్గరికి వెళ్ళాం. ఆయనదీ తెలుగు ఇల్లే. ఓట్లప్పుడు తమిళం మరిచిపోయేవాడు. "ఏం టీచర్, మనం మనం ఒకటి కదా. పేరు చూడండి, మెరుగుదల. మంచి బిల్లే" అన్నాడు.

"ఆరో సెక్షన్ చదివినారా?"

"అదంతా ఆఫీసర్లు చూసుకొంటారు. పార్టీ చెప్తే మేం చెయ్యెత్తాల, అంతే."

"చెయ్యెత్తను మీరెందుకు సార్? దానికి ఒక స్ప్రింగ్ చాలు. ఈ తంబి వర్క్‌షాపులో చెప్పి చేయించేద్దుము."

ఆయన నవ్వాడు. నవ్వి, మాకు కాఫీ తెప్పించాడు. టీచర్ తాగకుండా లేచింది.

సమావేశాల చివరి రోజు బిల్లులన్నీ కట్టగట్టి తెచ్చారు. టీచర్ ఇంట్లో ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. సభాధ్యక్షుడు బిల్లు పేరు చదివాడు. ఒప్పుకునేవాళ్ళు అవుననమన్నాడు, అన్నారు. కాదనేవాళ్ళు కాదనమన్నాడు, ఏ గొంతూ వినపడలేదు. తరువాత బల్లల చప్పుడు. అవ్వ మా ఇద్దరి మొహాలూ చూసి, "అయిపోయిందా? వక్క మెత్తపడలేదే ఇంకా!" అంది. కొన్ని వందల మంది తలమీది కప్పును గురించి ఒక మాట మాట్లాడడానికి ఆ సభలో ఒక్కరికీ తీరిక లేకపోయింది. మా సభ్యుడు మొదటి వరుసలో కూర్చుని బల్ల చరచడం నేను చూశాను. డైరీలో ఆ రోజు ఆ ఒక్క సంగతే రాశాను.

నోటీసులతో అధికారులు కాలనీకి వచ్చినప్పుడు గొడవేమీ జరగలేదు. వాళ్ళు గడప దగ్గర చెప్పులు విడిచి, మెల్లగా మాట్లాడారు. అభ్యంతరం ఉంటే రాయడానికి కాగితం ఇచ్చారు. ప్రతి ఇంట్లోనూ కాలనీవాళ్ళు మజ్జిగ ఇచ్చారు, తల వంచుకుని ఊరకున్నారు. అధికారులు సంతోషంగా వెళ్ళారు. వాళ్ళ వెనకే టీచర్ ఇల్లిల్లూ తిరిగింది, నేను ఆమె వెంట తిరిగాను. పక్కింటి పెద్దాయన్ను, "మామా, వద్దని రాసిచ్చినారా?" అని అడిగింది.

"చెప్పినట్టే కదా టీచర్. మజ్జిగ ఇచ్చి ఊరకుంటిమి. ఆ సార్‌కి తెలీదా?"

"తెలీదు మామా. ఆయనకి మజ్జిగ బాగుందని మాత్రం తెలుసు."

"అంతమంచి మనిషి మొహం మీద వద్దని ఎట్లా చెప్పేది?"

"మంచిగా మాట్లాడి ఇల్లు తీసుకొనేవాడికి చెడ్డగా మాట్లాడి ఇల్లు నిలబెట్టుకోవాల. రాయండి మామా, నేను చూపిస్తాను."

వద్దని రాసినవాళ్ళు ఎక్కువై కాలనీలో వెనక వరుసలు నిలిచాయి. రోడ్డు వైపు వరుసలో, టీచర్ ఉండే వరుసలోనే, గడువులోగా వద్దనే సంతకాలు సగానికి చేరలేదు. టీచర్ వద్దని రాసిచ్చింది, పెద్దాయన రాశాడు, అయినా ఊరకున్నవాళ్ళు ఎక్కువయ్యారు. నోటితో చెప్పింది చెల్లదని ఆఫీసులో తేల్చేశారు. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, ఎవరూ అబద్ధమాడలేదు. అంతా చట్టప్రకారం జరిగింది. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. ఆ వరుస ఉన్న చోట ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు.

టీచర్‌కూ అవ్వకూ ఊరికి దూరంగా అంతస్తుల ఇంట్లో పై అంతస్తు వచ్చింది. లిఫ్ట్ గురించి చట్టంలో రాసి ఉంది. పనిచేయాలని రాసి లేదు. అవ్వ ఒకసారి పైకెక్కింది, మళ్ళీ నడిచి దిగలేదు. అవ్వ పోయాక నేను అప్పుడు జరుగుతున్న సమావేశపు బిల్లులు తీసుకుని వెళ్ళాను. మెట్లెక్కి ఆయాసపడుతున్న నన్ను చూసి టీచర్ నీళ్ళిచ్చింది.

"ఎందుకు తెచ్చినారు తంబి? అవ్వ లేదు. ఇంక ఎవురికి చెప్పి చూసేది?"

"నాకు చెప్పండి."

"మీరు మరీ మర్యాదస్తులు. మీకు కోపం రాదు."

"వస్తా ఉండాది టీచర్."

ఆమె నన్ను పరీక్షగా చూసింది. "అయితే సరి, కూసోండి" అని మొదటి కాగితం తీసింది. ఆ సమావేశం ముగిసేలోపలే ఆమె కూడా పోయింది.

సమావేశాలు మొదలైతే నేను ఇప్పటికీ బిల్లులు తెచ్చుకుంటాను. చదివి, ఇంటి తెలుగులో గట్టిగా చెప్పుకుంటాను. చెప్పలేకపోయిన చోట పెన్సిల్ గీత పెట్టి, కాలనీలో నిలిచిన వరుసల్లోకి వెళ్ళి ఆ చోటు గురించే మాట్లాడతాను. పోయిన నెల ఏదో పథకం సర్వే అని ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. మా వీధి వెడల్పు చేయడానికి అభ్యంతరం లేదు కదా అని అడిగింది. మా ఆవిడ అప్పటికే మజ్జిగ తెచ్చి, నా పక్కన తలవంచుకుని నిలబడింది.

"మాకు వద్దమ్మా" అన్నాను. "వద్దని రాసుకో. నేను చూస్తా ఉంటాను, రాయి."

ఆ అమ్మాయి తడబడింది, రాసింది. నేను చదివి, కింద సంతకం పెట్టాకే ఆమెను గడప దిగనిచ్చాను. వెళ్ళాక మా ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుంటూ, "వయసయ్యే కొద్దీ మీకు మర్యాద తెలీకుండా పోతా ఉండాది" అంది.

"పోనీ" అన్నాను.