పళ్ళ మేస్త్రీ రాక్షసకోట

ఆ ఆదివారం మధ్యాహ్నం రాక్షసకోట ముఖద్వారంగా రెండు గంటలపాటు నిలబడినవి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారి కింది వరస కట్టుడు పళ్ళు. కొనల మీద నిలబెడితే చక్కటి కమానులా ఉన్నాయి. మా బొమ్మగుర్రాలు నాలుగూ దాని కింద నుంచే లోపలికి వెళ్ళాయి. అసలు ద్వారం, అంటే ప్లాస్టర్‌తో పోతపోసి బూడిదరంగు పూసినది, అదే సమయానికి హెడ్మాస్టరు గారింట్లో ఉంది. ఆయన క్రమశిక్షణ గల మనిషి. డాక్టరు గారి దగ్గర్నుంచి వచ్చిన పొట్లంలో ఏముంటే అది పెట్టుకోవాలనుకున్నారు, పెట్టుకున్నారు. ఎడమవైపు బురుజు నాలుకకి అడ్డొస్తోందని ఆయన ఫోన్ చేస్తేగానీ ఇక్కడెవరికీ సంగతి తెలియలేదు.

రెండు పొట్లాలూ కట్టి తారుమారు చేసినవాడు మా మేస్త్రీ. పళ్ళ డాక్టరు గారి క్లినిక్కు వెనకగదిలో కట్టుడు పళ్ళు చేస్తాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. ఆయన చేసిన పళ్ళతో ఊళ్ళో సగంమంది ముసలివాళ్ళు సుఖంగా తిని, మిగతా సగాన్ని సుఖంగా తిడుతున్నారు. ఆ గదికి ఒకటే కిటికీ, అదీ గోడ వైపు. అలమర నిండా నంబర్లు వేసిన దవడలు. వారంలో ఆరు రోజులు ఆయన ఎదురుగా ఉన్న నోళ్ళేవీ మాట్లాడవు. ఏడోరోజు తన ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ నలుగురిని కూర్చోబెట్టుకుని ఆట ఆడిస్తాడు.

ఆట సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క. ఒకడు గేమ్ మాస్టరు. లోకం, కోట, దొంగలు, దయ్యాలు అన్నీ వాడి నోట్లో ఉంటాయి. మిగతావాళ్ళు తలా ఒక వేషం తీసుకుని, మేం ఇది చేస్తాం, అటు వెళ్తాం అని చెబుతారు. జరుగుతుందో లేదో అనుమానమైతే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. అంతే ఆట. ఐదేళ్ళ పిల్లలు ఏ సూచనలూ చదవకుండా పెరట్లో ఇదే ఆడుకుంటారు. పెద్దవాళ్ళకి మాత్రం దీన్ని పాడుచేయడానికి చాలా చదువు కావలసివచ్చింది.

మేస్త్రీ బాగా చదివాడు. "ఆట రక్తికట్టించడం ఎలా" అని ఎవరెవరో పెద్దమనుషులు ఇచ్చిన సలహాలన్నీ ఏరి, నూట నలభై పేజీల నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ప్రతి పాత్రకీ వేరే గొంతు పెట్టండి అన్నారట. పెట్టాడు. రాజు, మంత్రి, తోడేలు, ముగ్గురూ నోట్లో దూది పెట్టుకున్నట్టే మాట్లాడతారు. సంగీతం వినిపించండి అన్నారట. ఫోన్లోంచి యుద్ధభేరి మోగుతూ, మధ్యలో ఆగి, మోకాళ్ళ నొప్పుల తైలం గురించి చెప్పి మళ్ళీ మోగేది. ఆట ముందే సిద్ధం చేసుకోండి అన్నారట. అక్కడే మా కొంప మునిగింది. మేం ఏ వాకిట్లో ఏమనాలో, ఎక్కడ భయపడాలో కూడా ముందే రాసేసుకున్నాడు. ఎడమవైపు వెళ్తామంటే వంతెన కూలిపోయింది. కుడివైపు వెళ్తామంటే కొండచరియ పడింది. రెండేళ్ళలో ఆయన కూల్చినన్ని వంతెనలు ఏ వరదా కూల్చి ఉండదు. పుస్తకంలోంచి తలెత్తి మా మొహాలు చూసి ఉంటే మేం ఆవులించడం కనిపించేది. ఆరోజు ద్వారం కూడా చదువుతూనే పొట్లంలోంచి తీసి నిలబెట్టాడు. ఆయన చేసే రాక్షసులందరికీ మనుషుల దంతాలే కనుక మేమూ అనుమానించలేదు.

హెడ్మాస్టరు గారి ఫోను రాగానే బామ్మర్ది లేచి నిలబడ్డాడు. మేస్త్రీ భార్యకి తమ్ముడు. ఎయిర్‌పోర్టులో పెట్టెలు తూచే ఉద్యోగం. అరకిలో ఎక్కువైతే కన్నతల్లి పెట్టెనైనా వెనక్కి పంపుతాడు, పంపాడు కూడా. ఆటకి కత్తివీరుడి వేషంలో, చేతిలో నియమాల పుస్తకంతో వస్తాడు. గాలి వీచిందంటే ఏ పేజీలో ఉందని అడిగే రకం.

"బావా, ఇంక నావల్ల కాదు. ఎంగిలి పళ్ళలోంచి కోటలోకి దూరడం నా హోదాకి తగదు" అన్నాడు. "వచ్చే ఆదివారం ఒక్కటీ చూస్తా. ఆపైన ఆట మా ఇంట్లో. నేనే నడిపిస్తా. పిన్నిగారూ, మాస్టారూ, మీరు కూడా వచ్చెయ్యండి. రూలంటే రూలే అక్కడ."

పిన్ని అంటే మేస్త్రీకి స్వయానా పిన్ని. పోస్టాఫీసు కౌంటర్లో ముప్ఫై ఏళ్ళు కూర్చుని రిటైరయింది. ఆమె సంచీ సర్దుకోవడం మొదలెట్టింది. మాస్టారంటే డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ఆయన "చూద్దాం" అన్నాడు. చూద్దాం అన్నాడంటే వెళ్ళిపోతాడనే. నేనూ నేల చూపులు చూశాను. మా నలుగురిలో వెన్నెముక అనేది బామ్మర్దికొక్కడికే ఉంది, అదీ అచ్చంగా తూకం కర్ర.

మేస్త్రీ మాత్రం గుర్రాలని ఒక్కొక్కటే దూదిలో చుట్టి డబ్బాలో పెట్టుకుంటూ ఉండిపోయాడు. ఈ బల్ల చుట్టూ మనుషులు కూర్చోకపోతే ఆయనకి మిగిలేది అలమరలో దవడలే. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. అయినా సాయంత్రానికి అందరం హాయిగా ఇళ్ళకి పోయాం.

మర్నాడు సాయంత్రం, మరిచిపోయిన కళ్ళజోడు కోసం నేను వెళ్ళేసరికి మేస్త్రీ కొత్త నోటుపుస్తకం మొదలెట్టాడు! ఈసారి రెండువందల పేజీలది. ఆయన భార్య బడిపంతులమ్మ, పక్కనే కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎర్రకలం ఆపకుండానే అడిగింది.

"ఏమండీ, హెడ్మాస్టరు గారి పళ్ళు ఎన్నిసార్లు సరిచూశారు?"

"మూడుసార్లు. ముందు మైనం మీద పళ్ళు గుచ్చి నోట్లో పెడతాం కదా. ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టమంటాం. ఎక్కడ తగులుతోందో, ఎక్కడ గాలి పోతోందో చూసి, మైనం కరిగించి జరుపుతాం."

"మైనం పెట్టకుండా నేరుగా గట్టిపళ్ళు బిగించెయ్యరాదూ? పని తొందరగా అయిపోతుంది."

"భలేదానివే! ఎవరి దవడ వాళ్ళది. నొప్పెట్టి ఊసేస్తారు."

"మరి ఆ నలుగురి నోళ్ళలో రెండేళ్ళుగా గట్టిపళ్ళు ఎందుకు కుక్కుతున్నారండీ?"

మేస్త్రీ కలానికి మూత పెట్టేశాడు. రోజూ పొద్దున్నే చేతులతో చేసే పనే. ఒక్కసారి ఆదివారం వైపు తిప్పి చూడటానికి రెండేళ్ళు పట్టింది, అదీ పెళ్ళాం చెబితే. మహానుభావుడు.

తరవాతి ఆదివారం ఆయన చేతిలో పుస్తకం లేదు. అరఠావు కాగితం ఉంది. దాని మీద మూడే మూడు ముక్కలు: కోటలో రాజు, గేటు దగ్గర కాపలావాడు, మేం లోపలికి వెళ్ళాలి. ఫోను పక్కగదిలో పెట్టేశాడు. కాగితం దించి, జీవితంలో మొదటిసారి మా మొహాలు చూశాడు. చూడదగ్గవేమీ కావు పాపం.

"కోట గేటు ముందున్నారు. కాపలావాడు ఈటె అడ్డంపెట్టాడు. ఏం చేస్తారు?"

"నరుకుతా" అన్నాడు బామ్మర్ది, పాచిక అందుకోబోతూ.

"ఉండవయ్యా, వచ్చిందే తడవు నరుకుడేనా!" అంది పిన్ని. గేటు వైపు, అంటే మేస్త్రీ వైపు తిరిగింది. "ఏం నాయనా, పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావా? నీకు సెలవెప్పుడిస్తారు?"

రాసుకున్న జవాబు లేదు. పాత మేస్త్రీ అయితే ఇక్కడ ఇంకో వంతెన కూలేది. ఈ మేస్త్రీ దూది లేకుండా, తన సొంత గొంతుతోనే అన్నాడు.

"పదకొండేళ్ళయిందమ్మా సెలవు చూసి."

"పదకొండేళ్ళా! కాగితం పెట్టుకున్నావా?"

"పెట్టానమ్మా. పైవాళ్ళు పోయిందన్నారు."

పిన్ని కుర్చీ ముందుకి లాక్కుంది. పోయిన కాగితం మాట వింటే ఆవిడకి ఒంట్లో రక్తం పరుగెడుతుంది. "ఎవడు పోయిందన్నది? రసీదు తీసుకోలేదూ? ఏమయ్యా మంత్రగాడూ, నీ దగ్గర కలం ఉందా?"

మంత్రగాడిని నేనే. నిప్పులు కురిపించగల నా మంత్రదండంతో సెలవు అర్జీ రాశాను. మాస్టారు ఆటలో దొంగ. ఆయన కాపలావాడి ఈటె తీసుకుని, వీడు లోపలికి వెళ్ళొచ్చేదాకా గేటు దగ్గర నేను నిలబడతానన్నాడు. రెండేళ్ళలో ఆయన అన్న మొదటి పూర్తి వాక్యం అది. గేటు తెరుచుకుంది. లోపల గుమాస్తా, ఆపైన పెద్ద గుమాస్తా, వాడి పైన నిద్రపోయే మంత్రి. ఒక్కొక్కరినీ మేస్త్రీ అప్పటికప్పుడు పుట్టించాడు. ఎక్కడ మేం ఆగితే అక్కడ జరిపాడు, ఎక్కడ నవ్వితే అక్కడ ఇంకాస్త నొక్కాడు. మాస్టారు గేటు దగ్గర్నుంచి, "ఇంకా ఎంతసేపండీ, నా వీపు నొప్పెడుతోంది" అని కేకేస్తే, పేపర్లు దిద్దుతున్న పంతులమ్మ కూడా కలం కింద పెట్టేసింది. సిగ్గువిడిచి చెప్తున్నాను, నేను కూడా ఆవులించలేదు.

బామ్మర్ది ఒక్కడే ఉడికిపోయాడు. నియమాల పుస్తకం రెండుసార్లు తిరగేశాడు. అందులో కత్తి మీద నలభై పేజీలున్నాయి, సెలవు మీద ఒక్కటీ లేదు. చివరికి పుస్తకం చంకలో పెట్టుకుని లేచాడు.

"చూసింది చాలు. పదండి మాస్టారూ, మా ఇంటికి."

"నేనెక్కడికండీ వచ్చేది? గేటెవరు చూస్తారు?" అన్నాడు మాస్టారు.

"పిన్నిగారూ?"

"ఆగవయ్యా, అర్జీ మంత్రి బల్ల మీదుంది."

బామ్మర్ది నావైపు చూశాడు. నాకెప్పుడూ గెలిచేవాళ్ళ పక్కనే ఉండే అలవాటు కనుక, నా చూపు మంత్రి బల్ల మీదే ఉంచాను. ఎవరూ లేవకపోవడంతో అతను కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"మూడు గంటలైంది బావా! ఒక్క కత్తి దూయలేదు, ఒక్క తల తెగలేదు, రాజుని కళ్ళతో చూడలేదు. ఎవడో గేటుగాడి సెలవు కోసం తిరుగుతున్నాం! ఇదేం ఆటా?"

మేస్త్రీ పాచిక తీసి అతని అరచేతిలో పెట్టాడు.

"మంత్రి నిద్రలేచాడు బామ్మర్దీ, వెయ్యి, సంతకం పెడతాడో లేదో చూద్దాం."