చెంగు మూలన పసుపు

నేను ఇంగ్లీషులో చాలా ఉత్తరాలు రాశాను. ఉద్యోగాల కోసం రాసినవే నలభై దాకా ఉంటాయి. వాటిలో ఒక్కదానికీ జవాబు రాలేదు కాబట్టి అవి బాగున్నాయో లేదో ఇప్పటికీ తెలియదు. రాసిన పని జరిగిందని గట్టిగా చెప్పగలిగిన ఉత్తరం ఒక్కటే. అది పసుపు గురించి.

రెండువేల ఏడు, ఎనిమిది ప్రాంతాల్లో నాకు నిడదవోలు స్టేషన్ రోడ్డులో ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. ఆరు కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు. ఎమ్మెస్సీ చదివినవాడు పెట్టాడని ఊళ్ళో కాస్త గౌరవం కూడా ఉండేది. పరీక్షల రిజల్టులప్పుడు జనం వచ్చేవారు. మిగతా రోజుల్లో నేను వచ్చేవాణ్ణి.

అంతకు ముందు ఏడాది అన్నయ్య పోయాడు. జ్వరమంటే రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చాం. వెళ్ళేటప్పుడు ఫ్లాస్కూ దుప్పటీ పట్టుకెళ్ళాం. మూడో రోజున ఆ ఫ్లాస్కూ దుప్పటీ పట్టుకుని ఇంటికి వచ్చాం. ఆ తర్వాత ఆ ఫ్లాస్కులోనే కాఫీ తాగేవాళ్ళం, ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. మంచి ఫ్లాస్కు.

వదినకి పిల్లల్లేరు. మా ఇంట్లోనే వెనక రెండు గదుల్లో ఉండేది. అన్నయ్య ఉన్నప్పటి నుంచీ బండారులంక వెళ్ళి నేత చీరలు తెచ్చి చుట్టుపక్కల ఆడవాళ్ళకి వాయిదాల మీద అమ్మేది. మా వీధిలో ఏ ఇంట్లో పెళ్ళయినా సారె చీర మా వెనక గదిలోంచే వెళ్ళేది. అన్నయ్య పోయాక శుభకార్యాలకి చీరలు కొనేవాళ్ళు మా గుమ్మం ఎక్కడం మానేశారు. ఎవరూ ఏమీ అనలేదు. పలకరింపులు ఎప్పటిలాగే ఉండేవి, కొంచెం ఎక్కువగా కూడా. చీరలు మాత్రం తణుకులోనో తాడేపల్లిగూడెంలోనో కొనుక్కునేవారు.

ఆ మధ్యే మా అమ్మాయి పుట్టినరోజుకి కొత్త గౌను తెచ్చాం. మా ఇంట్లో కొత్త బట్టలకి పసుపు పెట్టే పని ఎప్పుడూ వదినది. పెద్ద కోడలు కదా. ఆ రోజు అమ్మ పసుపు గిన్నె తెచ్చి మా ఆవిడ చేతికిచ్చింది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను క్యాలెండర్ వైపు చూశాను. వదిన గుమ్మం దగ్గర కూర్చుని గోరుచిక్కుళ్ళు తరుగుతోంది. మామూలు కంటే సన్నగా తరిగింది. కూర బాగానే కుదిరింది.

వదిన అన్నగారు తణుకులో ఉంటారు. మేడ మీద గది ఖాళీగా ఉంది, వచ్చెయ్యమని నెలకోసారి ఫోను చేసేవారు. మంచి మనిషి. పిల్లల్ని చూసుకోడానికి మనిషి కావాలని కూడా అదే ఫోన్లో చెప్పేవారు. వదిన చూద్దాం అనేది. ఒకసారి మాత్రం నాతో, "అక్కడికెళ్తే పని లేక తోచదని కాదు మరిదిగారూ, తోచకపోడానికి తీరికుండదు" అంది. చీరలు అమ్ముడవుతున్నంత కాలమే ఆ చూద్దాం చెల్లుతుందని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

అప్పుడు నేను చేసిన తెలివైన పని ఏమిటంటే, వదిన చీరల్ని ఇంటర్నెట్‌లో పెట్టడం. వస్తువులు వేలానికి పెట్టి అమ్ముకునే సైటు ఒకటి ఉండేది. ఫొటో స్టూడియో ఆయన కెమెరా అరువిచ్చేవాడు. డాబా మీద తాడు కట్టి, చీర ఆరేసి, నేను ఫొటో తీసేవాణ్ణి. మడత పెట్టడం, కవర్లో పెట్టడం, పైన గుడ్డ కుట్టడం వదిన పని. కుట్టేసిన పార్సిల్ మీద అడ్రసు రాసి పోస్టాఫీసులో ఇవ్వడం నా పని. నాగపూర్ వాళ్ళు కొన్నారు. బెంగుళూరు వాళ్ళు కొన్నారు. పెళ్ళిళ్ళకీ కొన్నారు. వదిన అడ్రసులు చదివించుకుని ఆ ఊరు ఎక్కడుందో అడిగేది.

ఇక వెనక్కి రావడాలు. మొదటిది నెమలికంఠం రంగు చీర. తన కంప్యూటర్లో నీలంగా కనబడిందని, చేతికి వచ్చేసరికి పచ్చగా ఉందని ఒకాయన రాశాడు. నెమలికంఠం అంటేనే అది అని నేను రాశాను. డబ్బు తిరిగిచ్చెయ్యమని సైటువాళ్ళు ఆయన వైపు తీర్పిచ్చారు. రెండో ఆవిడ చీరకి చిరుగు ఉందని చెప్పి వెనక్కి పంపింది. పార్సిల్ విప్పితే నిజంగానే చిరుగుంది, కానీ అది మా చీర కాదు. ఎవరిదో పాత నైలాన్ చీర. మాది నూలు చీర అని రాశాం. మా కవర్లో వచ్చింది కాబట్టి మాదే అన్నారు. దాన్ని సెంటర్లో కిటికీకి కర్టెన్‌గా కట్టాను. ఎండ బాగా ఆపేది.

ఈ రెండూ అయ్యాక సైటు నుంచి మర్యాదగా ఒక మెయిలు వచ్చింది. మూడో ఫిర్యాదు కూడా మా మీద తేలితే ఖాతా మూసేస్తారు. వదినకి చెప్పాను. "అయితే ఇంక తణుకేనన్నమాట" అని, అప్పటికి చేస్తున్న పని చేసుకుంది.

మూడోది గంధం రంగు చీర, మెరూన్ అంచు. హైదరాబాదు నుంచి ఒకావిడ, పేరును బట్టి తెలుగువాళ్ళే, చెల్లెలి పెళ్ళికి కట్టుకోవాలి, ముహూర్తానికి ముందే అందేలా పంపండి అని రెండుసార్లు రాసి తెప్పించుకుంది. అందింది. పెళ్ళయిన పది రోజులకి, చెంగు మూలన మరక ఉంది, వాడకుండానే పంపుతున్నాను, డబ్బు ఇప్పించండి అని ఫిర్యాదు పెట్టింది.

పార్సిల్ నా సెంటర్‌కే వచ్చింది. విప్పితే ముందు మల్లెపూల వాసన, వెనకాలే సాంబారు వాసన. భుజం దగ్గర పిన్ను పెట్టిన సన్నటి చిల్లులు. వాసనకి ఫొటో లేదు. ఆ కెమెరాలో చిల్లులూ పడలేదు. ఆవిడ చెప్పిన మరక మాత్రం చక్కగా పడింది. చూస్తే, బొటనవేలి గోరంత పసుపు.

నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను. ఆ రోజుల్లో ఆనందం అంటే నాకు తెలిసింది అదే. వెంటనే కూర్చుని రాశాను. మా ప్రాంతాల్లో కొత్త బట్టకి మూలన పసుపు పెట్టకుండా ఎవరూ కట్టుకోరనీ, పసుపు పెట్టడమంటే కట్టుకోబోతున్నట్టేననీ, దుకాణంలో గుడ్డకి పసుపు ఉండదు, ఇంట్లో గుడ్డకే ఉంటుందనీ, కాబట్టి ఆ మరక కొన్నవారి నేరానికి వారే స్వహస్తాలతో వేసుకున్న సంతకమనీ రాశాను. సంతకం అన్న చోట కాసేపు ఆగి మళ్ళీ చదువుకున్నాను. ఆ ఫొటో జత చేశాను. దానికి ఆవిడ జవాబిచ్చింది: పసుపు మేం పెట్టలేదు, వచ్చేటప్పటికే ఉంది. సెంటర్లో చాటింగ్ చేసుకుంటున్నవాళ్ళు తలలెత్తి చూసేంత గట్టిగా నవ్వాను. పసుపు దారిలో దానంతట అది ఎక్కి కూర్చుందని కొన్నవారు నమ్ముతున్నట్టున్నారు అని ఇంకో రెండు వాక్యాలు కలిపాను.

ఇదంతా వదినకి చెప్పలేదు. వాళ్ళు కట్టేసి పంపారు, రాస్తున్నాను అని మాత్రం చెప్పాను. పసుపు సంగతి నెగ్గాక చెబుదామని దాచుకున్నాను. జోకు ముందే చెప్పేస్తే పాడైపోతుంది.

నెగ్గాం. మా ఆచారాన్ని అంత వివరంగా తెలియజేసినందుకు సైటువాళ్ళు కృతజ్ఞతలు చెప్పారు. ఫిర్యాదు కొట్టేశారు, చీరని కొన్నావిడకే తిరిగి పంపెయ్యమన్నారు. వదినకి ఫోను చేసి చెప్పాను. మధ్యాహ్నం భోజనానికి వంకాయ కూర చెయ్యనా అని అడిగింది. ఆ ఆదివారం తణుకు నుంచి ఫోను వస్తే ఈసారి చూద్దాం అనలేదు, రాలేను అంది.

మర్నాడు పదకొండింటికి కరెంటు తీసేశారు. రెండింటిదాకా రాదని తెలుసు కాబట్టి సెంటర్ మూసి ఇంటికొచ్చాను. వదిన వెనక వరండాలో చాప మీద కూర్చుని ఉంది. ముందు రెండు చీరలు. ఒకటి హైదరాబాదు తిరిగి వెళ్ళాల్సిన గంధం రంగుది. రెండోది బెంగుళూరు వెళ్ళాల్సిన కొత్త చీర. పక్కన చిన్న స్టీలు గిన్నె. చూస్తుండగానే ఉంగరం వేలు గిన్నెలో ముంచి, కొత్త చీర చెంగు మూలన అద్ది, మడత లోపలికి తోసేసింది.

"ఏంటి వదినా అది?"

"పసుపండి" అంది. తలెత్తలేదు. "కొత్త బట్ట కదా, ఉత్తినే ఎలా పంపుతాం."

"అన్నిటికీ పెడతారా?"

"మొదట్నుంచీ."

నేను గంధం రంగు చీర వైపు చూపించి, దీనికి కూడా పెట్టారా అని అడిగాను. ఆ ప్రశ్న అడగక్కర్లేదు.

"అప్పుడే పెట్టానుగా. మళ్ళీ ఎందుకు, కట్టేసిన చీరకి." చీర అంచు వేళ్ళ మధ్య ఒకసారి నలిపి, "పాపం బాగానే కట్టినట్టుంది" అంది. కవర్ తీసుకుని అందులోకి చీరని తోస్తూ, నేనేదో అంటాననుకుందేమో, గొంతు కాస్త తగ్గించింది. "తప్పేమో అని మొదట్లో అనిపించింది. నా చేత్తో పెట్టానని వాళ్ళకి తెలీదుగా మరిదిగారూ."

తెలీదు అన్నాను.

దాచుకున్న జోకు చెప్పాల్సిన సమయం సరిగ్గా అదే. నోరు తెరిచి, సూదిలో దారం ఎక్కించి ఇమ్మంటారా అని అడిగాను. ఇమ్మంది. రెండు పార్సిళ్ళూ కుట్టింది. రెండిటి మీదా అడ్రసులు రాశాను. పోస్టాఫీసులో ఇచ్చి రశీదులు తీసుకున్నాను. ఎండగా ఉంది.

మూడింటికి సెంటర్ తెరిచి సైటువాళ్ళకి మెయిలు మొదలుపెట్టాను. పొరపాటు జరిగింది, పసుపు మావాళ్ళే పెట్టారు, కొన్నవారు చెప్పినది నిజం. మూడు వాక్యాలు. ఆవిడ చీర కట్టిందన్నదీ నిజమే, కానీ దానికి నా దగ్గర ఆధారం లేదు. ఆధారం ఉన్నది అబద్ధానికి. ఆ మెయిలు పంపితే ఖాతా మూతపడుతుంది, ఆదివారం రాలేను అన్న మనిషి మళ్ళీ ఫోను చేసి వస్తున్నాను అనాలి. ఇంగ్లీషులో తప్పులేమైనా ఉన్నాయేమో చూశాను. లేవు. డ్రాఫ్టుల్లో పెట్టాను. ఆ మెయిల్ ఖాతా వాడటం మానేసేదాకా అది అక్కడే ఉంది.

దానికి బదులు, అమ్మకానికి పెట్టిన ప్రతి చీర వివరాల కిందా ఒక వాక్యం చేర్చాను. మా ఇంటి ఆచారం ప్రకారం చీర మూలన పసుపు అద్ది పంపుతాము అని. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఎవరూ చదివినట్టు కూడా లేరు. వదినకి ఆ వాక్యం సంగతీ చెప్పలేదు. చెబితే ఎందుకు చేర్చారంటుంది.

హైదరాబాదు ఆవిడ ఫిర్యాదు ఓడిపోయినా, అభిప్రాయం రాసే హక్కు ఆవిడకి ఉంది. రాసింది. చీర బాగుంది, అమ్మేవాళ్ళు అబద్ధాలు చెబుతారు. అంతే. మా పేజీలో అన్నిటికంటే పైన వచ్చింది. మంచి చీర, తొందరగా అందింది, ధన్యవాదాలు అని మిగతావాళ్ళు రాసినవన్నీ దాని కిందికి వెళ్ళాయి. సైటుకి రాస్తే అభిప్రాయాలు తీసెయ్యం అన్నారు. నేను గట్టిగా అడగలేదు కూడా. పొద్దున్నే సెంటర్ తెరిచి, కంప్యూటర్లు తుడిచి, మా పేజీ తెరిస్తే మొదట అదే కనబడేది.

ఒకరోజు వదిన భోజనం క్యారేజీ తెచ్చి, స్క్రీను వైపు చూస్తూ నిలబడింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు గానీ పక్కనే హైదరాబాద్ అని రాసి ఉంటే, పార్సిళ్ళ మీద చూసిన అలవాటుతో గుర్తుపట్టింది. ఆవిడేనా, ఏం రాసిందని అడిగింది.

"చీర బాగుందట" అన్నాను.

వదిన కాసేపు ఆ అక్షరాల్ని అలాగే చూసింది. అక్కడ కనబడుతున్నది రెండు మాటల కంటే ఎక్కువే ఉందని చదువు రానివాళ్ళకైనా తెలుస్తుంది.

"మరి వెనక్కెందుకు పంపింది?"

ఏమో వదినా అని, క్యారేజీ విప్పాను.