అడెల్ మార్స్‌డెన్ బతికిన సినిమా

తెర మీద అడెల్ మార్స్‌డెన్ ఇరవయ్యారు సార్లు చనిపోయింది. ఎక్కువగా తూటాలకు. రెండుసార్లు నీళ్ళలో పడి, ఒకసారి విషం తాగి, ఒకసారి తను నడుపుతున్న కారుతో సహా లోయలోకి దొర్లి. చాలా చావులకు ఎదురుగా మడతకుర్చీలో కూర్చుని, ఏ చెయ్యి ఎటు వాలిందో, జుట్టు ఏ చెంప మీద పడిందో రాసుకున్నది నేను. నిన్న తీసిన ముక్క ఇవాళ తీసిన ముక్కతో అతకాలి. పొద్దున సగం కాలిన సిగరెట్టు సాయంత్రానికి పొడుగు కాకూడదు. అది చూసుకోవడమే నా ఉద్యోగం.

ఆమె అసలు పేరు బ్రోన్యా వోయ్‌చిక్. డెట్రాయిట్ పక్కన కార్ల ఫ్యాక్టరీ పొగలో పుట్టిన పోలిష్ పిల్ల. తండ్రి పోయాక, పందొమ్మిదేళ్ళప్పుడు, తల్లిని వెంటబెట్టుకుని రైలెక్కి హాలీవుడ్‌లో దిగింది. మొదట్లో టోపీలు అమ్మే అమ్మాయి, ఫోనెత్తే అమ్మాయి, గుర్రాల సినిమాల్లో షెరీఫ్ చెల్లెలు. యుద్ధం చివర్లో ఎవరో ఆమె ముఖం మీద ఒక్క దీపమే వేసి చూశారు, కిటికీ రెక్కల నీడలు అడ్డంగా పడేటట్టు. సగం ముఖం చీకట్లోకి వెళ్ళిపోయింది. మిగిలిన సగం వాన వెలిసిన వీధిలా మెరిసింది. ఆ రోజు నుంచి ఆమెకు మంచి ఆడదాని వేషం ఎవరూ ఇవ్వలేదు.

మా స్టూడియో చిన్నది. పెద్ద స్టూడియోలవాళ్ళు ఒక పాట తీసేలోపు మేం ఒక సినిమా తీసేవాళ్ళం. ఆరు రోజులు, అంతే. అది ఏదో పెద్ద సినిమాకు తోకలా, ఒకే టిక్కెట్టు మీద రెండోదిగా ఆడేది. రాత్రుళ్ళు పనిచేసే స్తోమత లేదు గనక మా రాత్రులన్నీ పట్టపగలే. లెన్సు ముందు నల్లగాజు పెడితే మధ్యాహ్నం రెండింటికే నడిరేయి. నడినెత్తిన ఎండ కాస్తుంటే కళ్ళు చికిలించకుండా, చలికి వణుకుతున్నట్టు కోటు దగ్గరికి లాక్కోవడం బ్రోన్యాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఒకే ఆవరణలో, ఒకే వరసలో బ్రోన్యా ఇల్లూ నా ఇల్లూ. వాళ్ళమ్మ స్టానిస్లావా పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ పిండి అంటిన చేతులతో ఉండేది. కూతురి సినిమా ఏది వచ్చినా మొదటి శనివారం మ్యాట్నీకి వెళ్ళేది. సంగీతం బరువెక్కగానే టోపీ పెట్టుకుని లేచి, బయట వరండాలో బెంచీ మీద కూర్చునేది.

"ఇంకా అవలేదు కదమ్మా," అనేది బ్రోన్యా.

"నేను లేచేదాకా నువ్వు బతికే ఉన్నావు. నాకు అక్కడికే అయిపోయింది."

ఆ రోజుల్లో సెన్సారు ఆఫీసుది ఒకటే మాట. తప్పు చేసిన మనిషి తెర మీద తప్పించుకుపోకూడదు. చావాలి, లేదా చట్టానికి చిక్కాలి. కోర్టు తీయాలంటే జడ్జి కావాలి, బల్లలు కావాలి, జనం కావాలి. చావుకు ఒక మెట్ల వరస చాలు. అందుకని మా స్టూడియోలో ఎవరూ కోర్టుకు వెళ్ళేవారు కాదు.

నలభై తొమ్మిది జనవరిలో పెద్దావిడ స్టానిస్లావా కళ్ళు పాలవిరుగుడులా తెల్లబడ్డాయి. శుక్లాలు. ఇంకా ముదరాలి, వేసవిలో ఆపరేషన్ చేద్దాం అన్నాడు డాక్టరు. తలకు రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టుకుని, కళ్ళకు కట్టుతో, పది రోజులు కదలకుండా పడుకోవాలట. ఆ తరవాత ఎంత చూపు మిగులుతుందో చెప్పలేనన్నాడు.

ఆ ఆదివారం ఆమె వంటింట్లో ఆలుగడ్డ కూరిన బూరెలకు అంచులు నొక్కుతోంది. ఇప్పుడు కళ్ళతో కాదు, బొటనవేలితో చూసుకుంటూ.

"రేపట్నుంచి కొత్తది మొదలటగా. ఎవర్ని చంపుతావే?"

"మొగుణ్ణి. ఆ తరవాత వాడి తమ్ముణ్ణి."

"ఇద్దర్నా? అయితే నిన్ను బతకనివ్వరు."

"ఎలా బతకనిస్తారమ్మా."

"పోనీ, ఒకణ్ణి వదిలేస్తానని అడిగి చూడవే."

నేను నవ్వాను. బ్రోన్యా కూడా నవ్వింది. పెద్దావిడ నవ్వలేదు.

"కట్టు కట్టేలోపు నువ్వు ఆఖరిదాకా ఉన్న బొమ్మ ఒక్కటి చూడాలని ఉంది. ఆ పది రోజులూ చీకట్లో పడుకుని ఏం చూసుకోను? నువ్వు కింద పడ్డం చూసుకోనా?"

మర్నాడు పొద్దున్నే బ్రోన్యా డైరెక్టరు దగ్గరకు వెళ్ళింది. గస్ టోలివర్ ఒకప్పుడు సెట్లకు మేకులు కొట్టిన మనిషి. చెడ్డవాడు కాదు, తీరిక లేనివాడు.

"గస్, ఈసారి నన్ను చంపకుండా వదిలెయ్యకూడదూ?"

"ఏం, ఇంకా ఎవరన్నా మిగిలారా నువ్వు చంపాల్సినవాళ్ళు?"

"మా అమ్మ కోసం అడుగుతున్నా."

గస్ కళ్ళజోడు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. "తల్లీ, నీ చావు ఎప్పుడో డబ్బాలో పడింది. రెండేళ్ళ కిందట మెట్ల మీంచి దొర్లావు చూడు, ఆ ముక్కే అతికిస్తున్నాం. అదే నల్ల గౌను, మోచేతుల దాకా అవే గ్లవుజులు. దాంతో ఒక పూట పని ఆదా అయింది. ఇప్పుడు మారుస్తానంటే యజమాని నన్ను దొర్లిస్తాడు."

ఆమె మళ్ళీ అడగలేదు. ఆ వారమంతా ఎంతో బాగా చేసింది. కానీ డైలాగు అయిపోయిన ప్రతిసారీ ఆమె కళ్ళు ఎక్కడో ఒక అల్మరాలో చల్లగా పడుకున్న ఆ రేకు డబ్బాను వెతుకుతున్నట్టు నాకనిపించేది.

ఆరో రోజు మధ్యాహ్నం, మెట్ల పైన ఆఖరి సీను. ఎదురుగా హీరో, చేతిలో తుపాకీ. మొదటిసారి అతను మాట మరిచిపోయాడు. రెండోసారి మొదలయింది. దీపాల వేడికి గోడల రంగు వాసన వేస్తోంది. "నేను అలిసిపోయాను," అన్న మాట దగ్గర బ్రోన్యా, స్క్రిప్టులో లేకపోయినా, ఒక్కో వేలూ లాగుతూ గ్లవుజులు తీసింది. రెండూ తీసి మెట్ల రెయిలింగు మీద వేసింది. ఆ తెల్లటి ఉత్త చేతులు, రోజంతా గిన్నెలు కడిగి వచ్చిన ఎవరో ఇల్లాలి చేతుల్లా ఉన్నాయి. తుపాకీ పట్టుకున్నవాడు నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆమె కావాలని చేయలేదు. అలిసిపోయిన మనిషి అలా చేస్తుంది గనక చేసింది. డబ్బాలోని చావుకు గ్లవుజులున్నాయన్న సంగతి ఆ క్షణంలో ఆమెకు గుర్తే లేదు. గస్ ఆమె ముఖం చూస్తున్నాడు. చేతులు చూడటం నా పని.

"కట్," అన్నాడు. ప్రతి షాటు తరవాతా అడిగినట్టే నా వైపు తిరిగాడు. "నెట్టీ, అంతా అతికిందా?"

అతకలేదని ఒక్క మాట అంటే మళ్ళీ తీసేవాడు, రెండు నిమిషాల పని. నా పెన్సిలు కాగితం మీదే ఆగిపోయింది. బూరెల అంచులు తడుముతున్న ఆ బొటనవేలు గుర్తొచ్చింది.

"అతికింది," అన్నాను.

ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో నేనాడిన అబద్ధం అదొక్కటే.

మంగళవారం ఎడిటింగు గదికి నన్ను పిలిపించారు. మెట్ల మీద ఉత్త చేతులు. దొర్లేటప్పుడు మోచేతుల దాకా నలుపు. గస్ ఆ ముక్కను మూడుసార్లు తిప్పి చూపించాడు.

"నీకు కళ్ళు లేవా?"

"ఆ పూట లేనట్టున్నాయి."

"హీరోగారు రైలెక్కేశారు. మెట్లు విప్పేసి కట్టెలు చేశారు. ఏం చెయ్యమంటావిప్పుడు?"

జవాబు అతనే చెప్పుకున్నాడు, తిట్టుకుంటూ. ఎవరన్నా ఇద్దరికి పోలీసు టోపీలు పెడదాం. స్టూడియో వెనక వీధిలో బ్రోన్యాను వాళ్ళతో కారెక్కిద్దాం. చట్టానికి చిక్కింది కదా, సెన్సారువాళ్ళు ఒప్పుకుంటారు.

బుధవారం అరగంటలో అయిపోయింది. నల్లగాజు పెట్టి, ఎండను రాత్రి చేసి. బ్రోన్యా కారెక్కి, కిటికీలోంచి ఒక్కసారి వెనక్కి చూసింది. కారు మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

ఇంటికి వెళ్ళే దారిలో అడిగింది, "నిజంగా చూడలేదా నువ్వు?"

"చూశాను."

కారు రెండు వీధులు దాటించింది. తరవాత, "పిచ్చిదానా, నీ పని పోతుందే," అంది. ఎర్రదీపం దగ్గర కారు ఆపి, నా భుజం మీద తల వాల్చింది. పచ్చదీపం వచ్చినా వెనకవాళ్ళు హారను కొట్టేదాకా ఎత్తలేదు.

పని పోలేదు గానీ, తరవాతి మూడు సినిమాలకు నన్ను పిలవలేదు. మిగిలిన సంగతులు కూడా ఇక్కడే చెప్పేస్తాను. బ్రోన్యా ఇంకో ఏడుసార్లు చచ్చిపోయింది. టెలివిజన్ వచ్చాక నలుగురు డిటెక్టివులకు అబద్ధాలు చెప్పింది. ఆ తరవాత గ్లెండేల్‌లో ఒక పూలకొట్లో చేరి, దండలు కట్టి, పెళ్ళికూతుళ్ళకు ఎలా నడవాలో ఉచితంగా నేర్పింది. ఆమెను ఎవరూ గుర్తుపట్టేవారు కాదు. వెలుతురు పక్కనుంచి పడితే తప్ప.

ఆ ఏడాది మేలో ఆ సినిమా వచ్చింది. శనివారం మ్యాట్నీకి ముగ్గురం వెళ్ళాం. పెద్దావిడకు దూరం ఆనడం లేదని ముందు వరసలో కూర్చున్నాం, మెడలు ఎత్తి, వాన కోసం చూసేవాళ్ళలా. మొగుడు పోయాడు. తమ్ముడు పోయాడు. మెట్లొచ్చాయి. సంగీతం బరువెక్కింది. పెద్దావిడ అలవాటుగా టోపీ తీసి తల మీద పెట్టుకుంది.

"కూర్చో అమ్మా," అంది బ్రోన్యా, చెయ్యి పట్టుకుని.

"నాకొద్దే."

"ఈసారికి కూర్చో."

ఆమె సగం లేచినదల్లా అలాగే ఆగి, మెల్లగా కూర్చుంది. కారు వచ్చింది. కిటికీలోంచి కూతురి ముఖం గది గోడంత పెద్దదై ఆమె వైపు తిరిగింది. పెద్దావిడ తెల్లబడిన కళ్ళు రెప్ప వేయలేదు. కారు వెళ్ళిపోయింది. తెర వెలిసిపోయింది. దీపాలు వెలిగాక కూడా అటే చూస్తూ ఉంది.

"ఎన్నేళ్ళు వేస్తారు?" అని అడిగింది.

"పన్నెండో పదిహేనో."

"బుద్ధిగా ఉంటే ముందే వదులుతారు. నువ్వు బుద్ధిగానే ఉంటావు." కాస్త ఆగి, "లోపల చలికి దుప్పట్లిస్తారో లేదో," అంది.

బ్రోన్యా తల వంచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నేను చూడలేదు. ఆ పూట నాకు చేతులు చూసే పని లేదు, కళ్ళు చూసే పనీ లేదు.

బయట ఎండ మండిపోతోంది. తరవాతి ఆటకు టిక్కెట్లు కొని నిలబడ్డవాళ్ళు గోడ వెంట నీడలో ఉన్నారు. పెద్దావిడ మా చేతులు విడిపించుకుని, ఆ వరసలో మొదట ఉన్న పచ్చ గౌను ఆమె దగ్గరకు వెళ్ళింది.

"రెండో ఆట, చిన్న సినిమా, దాకా ఉండండమ్మా. పెద్ద సినిమా అవగానే వెళ్ళిపోకండి. ఆ పిల్ల బతుకుతుంది."

పచ్చ గౌను ఆమె మొగుడి వైపు తిరిగింది. "చూశారా, కథంతా చెప్పేసిందీవిడ."

"చెప్తే ఏంటమ్మా," అంది పెద్దావిడ, "ఇప్పుడు మీరు భయపడకుండా చూడొచ్చు."