టీవీకి దాహం వేయదు

నా చిన్నప్పుడు, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిపడిన ఏడు, అక్కడి మహబూలాలో గదికో కుటుంబంగా మేమున్న ఫ్లాటులో అందరికన్నా భద్రంగా ఉన్నది మా నాన్న కొన్న కొత్త టీవీ. దాని అట్టపెట్టెకు ఆయన చుట్టిన తాడు విప్పి పరిస్తే కడప దాకా వచ్చేదని ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను.

ఆయన ఆ తాడు చుట్టిన మరునాడే, ఇండియాకు చేరాలని, ఎడారి మీదుగా జోర్డాన్‌కు బస్సు. కుటుంబానికి రెండు సామాన్లే అన్నారు. ఆ రెండూ ఏవన్నది మగవాళ్ళు కూర్చుని తేల్చేశారు. మాకు ఒక బట్టల పెట్టె, ఒక టీవీ. ఆరు నెలల మా చెల్లెల్ని చంకనేసుకుని అమ్మ నీళ్ళ క్యాను చూపించింది.

"నీళ్లు దావలో యాడన్నా దొరుకుతాయి లేమ్మే. టీవీ దొరుకుతాదా?" అన్నాడు నాన్న.

పక్కగది అక్క అదంతా విన్నది. ఆమె ఒక ఫిన్లాండ్ వాళ్ళింట్లో పనిచేసేది. ఆమె ఇస్త్రీ చేస్తుంటే ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, పక్కన చేరి, తమ దేశంలో పూర్వముండిన ఒక రచయిత్రి సంగతి సగం ఇంగ్లీషులో, సగం చేతి సైగలతో చెప్పేదట. దాన్ని అక్క మాకు వంటగదిలో అప్పజెప్పింది. "మొగుడు సచ్చిపోయినాడు. ఇంటినిండా బిడ్డలు. అంగడి నడుపుకుంటానే నాటకాలు రాసింది. మొగోళ్లు ఇండ్లల్లో చేసే అన్యాయమంతా అందులో పెట్టి, టిక్కెట్లు మళ్లా వాళ్లకే అమ్మింది మే!" ఆ నాటకాలు చూసి అంత మంచులోనూ మగవాళ్ళకు చెమటలు పట్టాయట. ఈ చివరి ముక్క అక్కదో నాదో ఇప్పుడు గుర్తులేదు.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క అందరినీ కూర్చోబెట్టి, నాకు కాటుకతో మీసం దిద్దింది. నేను ఎడారిలో పోయే పెద్దమనిషిని, ఆమె నా పెళ్ళాం. దిండును చంటిబిడ్డలా ఎత్తుకుని, "బిడ్డ నాలిక ఎండిపోతాంది, గుక్కెడు నీళ్లు" అని ఆమె అడిగినప్పుడల్లా, నేను ఇంకో ఖాళీ అట్టపెట్టెను కావలించుకుని "ఉండుమే, టీవీకి ఎండ తగులుతాది" అంటూ తువ్వాలుతో దానికి విసరాలి.

అందరికన్నా ఎక్కువ నవ్వింది మా నాన్నే. కళ్ళు తుడుచుకుంటూ పక్కన కూర్చున్న, మా ఫ్లాటులోనే ఉండే రాయచోటి మామను మోచేత్తో పొడిచి, "అచ్చం నువ్వే గదప్పా!" అన్నాడు.

"మీసం సూడన్నా, నీదే," అన్నాడాయన నెమ్మదిగా.

నవ్వు సగంలో తెగింది. నేను మాత్రం విసురుతూనే ఉన్నాను, ఆపమని ఎవరూ చెప్పలేదు మరి. నాన్న దిండు వంక చూశాడు. తర్వాత అమ్మ ఒళ్ళోని చెల్లెల్ని చూశాడు. లేచి టీవీ పెట్టె తాడు విప్పాడు. మరునాడు అదే తాడుతో రెండు నీళ్ళ క్యాన్లు కలిపి కట్టి, రెండూ కలిసి ఒకే సామానని డ్రైవరుతో అరగంట వాదించాడు. బస్సు ఎడారిలో ఒక పూటంతా మొరాయించినప్పుడు చెల్లెలితో పాటు బస్సులోని పిల్లలందరూ ఆ నీళ్ళే తాగారు.

ఎవరికైనా గట్టిగా ఒక మాట చెప్పాల్సి వస్తే నేను ఈనాటికీ అరవను. ఒక కథ అల్లుతాను. అన్నీ కోతలేనంటారు మావాళ్ళు, నేనూ కాదనను. వాళ్ళు పగలబడి నవ్వుతూ ఉంటారు. ఆ నవ్వు ఎవరి దగ్గర ఆగుతుందా అని నేను చూస్తూ ఉంటాను.