నాలుగు దెబ్బలు తిన్న రేకు

పదకొండేళ్లుగా ఈ మాట గొంతులోనే ఉండిపోయింది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు ఎన్నోసార్లు నోరు తెరిచి, వేరే ఏదో మాట్లాడి వచ్చేశాను.

అప్పుడు బెంగళూరులో ఒక ల్యాబ్‌లో పరిశోధన చేసేవాణ్ణి. అయస్కాంతానికి తెలియకుండా వస్తువును దాచడం మా పని. దానికి రెండు పొరల గొట్టం చేస్తాం. లోపలి పొర అయస్కాంత క్షేత్రాన్ని తోసేస్తుంది, బయటి రేకు లాక్కుంటుంది. రెండూ సరిగ్గా కుదిరితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదలదు, అక్కడ అసలేమీ లేనట్టే.

ఆ రేకు కోసి, వంచి, కొలిమిలో కాల్చి ఇచ్చేది మా ల్యాబ్‌లోనే పనిచేసే మునెప్ప గారు. చిక్కపేట మనిషి, పెద్దాయన. తన పనిముట్లు నన్ను తప్ప ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు. కొలిమి దాటాక రేకుకు దెబ్బ తగలకూడదని ఆయనే నేర్పారు. తగిలితే పైకి ఏమీ కనిపించదు, క్షేత్రాన్ని లాక్కునే గుణం మాత్రం పోతుంది. మళ్లీ కాల్చాల్సిందే.

పరీక్ష రోజు పొద్దున రేకు నా చేతిలోంచి జారింది. అంచున చిన్న సొట్ట. మళ్లీ కాల్చాలంటే రెండు రోజులు. చూడటానికి వచ్చిన పెద్దలు అప్పటికే కింద కాఫీ తాగుతున్నారు. గదిలో ఎవరూ లేరు. సుత్తి తీసుకున్నాను. నాలుగు దెబ్బలు. సొట్ట పోయింది. ఏం కాదులే అనుకున్నానా? లేదు. ఏమవుతుందో తెలిసే కొట్టాను.

పరీక్షలో ముల్లు కదిలింది. అందరూ మునెప్ప గారి వైపు చూశారు. వయసైపోయిందన్నారు, సరిగా కాల్చలేదన్నారు. ఆయన వాదించలేదు. ఆ వారమే పని మానేశారు. నేను కొత్త రేకుతో ఫలితం చూపించి పట్టా తెచ్చుకున్నాను.

కొన్నాళ్లకు చిక్కపేటలో, కూతురి హార్డ్‌వేర్ అంగట్లో కనిపించారు. ఎవరో రేకు ముక్క కోసివ్వమంటే కత్తెర కూతురికి అందించారు. మీరే కొయ్యొచ్చు కదా అన్నాను.

"ఈ చెయ్యి నమ్మేట్టు లేదప్పా," అన్నారు. "ఆ పొద్దు నీ పని చెడగొట్టింది ఇదే గదా. నువ్వు మనసులో పెట్టుకోవాకప్పా."

"ఫర్వాలేదు," అన్నాను.

ఫర్వాలేదట. నేను ఆయన్ని క్షమించాను! ఆ మాట నా నోటికి ఎలా వచ్చింది? అడ్డంగా దొరికిపోయే భయం కూడా లేదే అక్కడ, కూతురు రేకు కోయడానికి లోపలికి వెళ్లింది, నా ముందు ఉన్నది ఆయన ఒక్కరే, నిజం చెప్పి ఉంటే ఆ చేతిని మళ్లీ ఆయనకు ఇచ్చినట్టు అయ్యేది. ఇవ్వలేదు.

పోయిన నెల ఆయన చనిపోయారు. పలకరించడానికి వెళ్తే కూతురు ఆ కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టింది. నాకే ఇమ్మన్నారట. నాది జాగ్రత్త తెలిసిన చెయ్యి అనేవారట. అప్పుడైనా చెప్పానా? రెండు చేతులా తీసుకుని వచ్చేశాను.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా ఇంట్లో, నా బల్ల మీద ఉందది. ఒక్కసారీ వాడలేదు. ఇది రాస్తుంటే ఊపిరి కాస్త అందుతోంది, అందుతున్నందుకు సిగ్గుగానూ ఉంది. వినాల్సిన మనిషి లేరు. మీరే వినండి.

ఆ రేకును కొట్టింది నేను. మునెప్ప గారి చేతిలో ఏ తప్పూ లేదు.