అంటుకోవడం, వాలడం

ఒక్క మాట తప్పుగా పడినందుకు నా పరిశోధన ప్రొద్దుటూరులోనే ఆగిపోయేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలి రోజులు. మాది పులివెందుల. పెళ్ళయి ప్రొద్దుటూరికి వచ్చాను. మామయ్యకు అక్కడ నూనె మిల్లు ఉండేది. జమ్మలమడుగులో ఉన్న ఇంకో మిల్లు అంతకుముందు ఎండాకాలంలో కాలిపోయింది. రసాయనశాస్త్రంలో నా పరిశోధన మద్రాసులో సగంలో ఉంది. చేత్తో తిప్పే లెక్కల మిషన్ అక్కడే ఉంది కాబట్టి తిరిగి వెళ్ళక తప్పదు. నా భర్తకు అభ్యంతరం లేదు. కానీ ఆ ఇంట్లో మామయ్య ఊ అనకపోతే గడప దాటడం కల్ల.

ఒకరోజు భోజనాల దగ్గర ఆయనే అడిగారు.

"ఆడ నువ్వు చేస్తాండేది ఏందిమ్మా?"

సులువుగా ఉంటుందని అచ్చ తెలుగులో చెప్పాను. "మన నూనెను వనస్పతి చేసేకి నికెల్ పొడి వాడతారు మామా. హైడ్రోజన్ అనే గాలి దానికి అంటుకుంటుంది. ఎట్ల అంటుకుంటుందో నేను లెక్క కడతా."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఒకసారి అంటుకునింది సాలదా? శానా చూసినాం. ఇంక ఆ మాట ఈ ఇంట్లో వద్దు."

లేచి చెయ్యి కడుక్కున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, మన తెలుగు మీద. జిగురు అంటుకున్నా, కొంప అంటుకున్నా ఒకటే మాటా? నిజానికి హైడ్రోజన్ ఆ అర్థంలోనూ అంటుకుంటుంది. ఆ సంగతి నేను ఎత్తలేదు.

కొన్నాళ్ళు ముఖం మాడ్చుకుని తిరిగాను. మద్రాసు ఇక లేదనుకుంటే అన్నం సహించేది కాదు. అప్పుడు అత్తయ్య వేయించిన చెనిక్కాయలకు బెల్లం పాకం పట్టి ఉంటలు చేసింది. ఒక ఉంట తీసుకుని, పీట మీద పెట్టి, వసారాలో మామయ్య ముందుంచాను. ప్రొద్దుటూరు ఈగలకు పిలుపులు అక్కర్లేదు.

"ఈ ఉంట నికెల్ రేణువు అనుకోండి మామా. ఈగలు గాలి అణువులు. మంట లేదు, పొగ లేదు. ఊరికే వచ్చి వాలతాయి. ఏది యాడ వాలుతుంది, ఎంత గట్టిగా పట్టుకుంటుంది అని కాగితం మీద లెక్క కట్టేదే నా పని."

వాలడం అనేసరికి ఆయన ముఖం తేటపడింది.

"మరి పీటెందుకు?"

"నికెల్ రేణువుల కింద కూడా ఇట్లాంటి పీట మాదిరి ఒక మట్టి పొడి ఉంటుంది మామా. పీట లేకపోతే ఉంటలన్నీ దొర్లి ఒకే ముద్దయిపోతాయి. పీటకంటిన బెల్లం కూడా ఈగను కొంచెం లాగుతుంది గదా. ఆ లాగుడు కూడా కలపాల. ఆ లెక్కే మిగిలిపోయింది."

తలుపు దగ్గర నుంచి అత్తయ్య, "తినేదాని మీద ఈగల్ని ముసిరిస్తారా ఎవురైనా" అని గొణిగింది. మామయ్య మాత్రం వాటినే చూస్తూ కూర్చున్నారు.

"వాలినేది మళ్ళా లేస్తాదా?"

"లేవాల మామా. పట్టుకున్నదాన్ని వదలకపోతే ఆ నికెల్ ఇంక దేనికీ పనికిరాదు."

నేను చెప్పింది నికెల్ గురించే. ఆయన ఉంట మీద చెయ్యి విసిరి ఈగల్ని లేపారు.

"ఎర్రగుంట్లలో రైలెక్కించేకి నేనే వస్తాలే" అన్నారు, ఉంట విరుస్తూ. "లెక్క అయినాక మాత్రం ఈడికే వచ్చి వాలాల."