ఎద్దుల కబురని పిలిచి మోకాళ్ల గోడు రాశానట

ఏళ్ల తరబడి నా కడుపులో ఒక మంట ఉంది. నా బ్లాగు చదివేవాళ్లు చలివేంద్రంలో నీళ్లు తాగినట్టు చదివి, బాగుందనో బాగాలేదనో చెప్పకుండానే పోతారు. ఈ మధ్య ఆ వచ్చేవాళ్లు కూడా తగ్గిపోయారు.

ఈ రోజు ట్రాక్టరు బాగుచేయించడానికి నరసరావుపేట వెళ్లాను. మెకానిక్కు మస్తాన్ మొదటినుంచీ నా రాతలు చదివే మనిషి. ఎందుకు చదవడం మానేశావురా అని నిలదీశాను.

"ప్రతి శనివారం బండలాగుడు పందేల ఎద్దుల కబుర్లు చెప్తానంటివి బాబాయ్. ఇప్పుడు ఎప్పుడు చూసినా నీ మోకాళ్ల నొప్పులే. ఏంది ఇది? అవి మా అమ్మకీ ఉన్నాయి, ఆ గోడు వినడానికి నీ దాకా రావాలా?"

"అది నా దొడ్డిరా, నా ఇష్టమొచ్చింది కట్టేసుకుంటా."

"ఎద్దును అమ్మేటప్పుడు పలుపుతాడు చేతికి ఇయ్యకముందే దాని వంక చెప్పాలని నువ్వేగా రాసింది. అట్టా చెప్పినోడి దగ్గరికే మళ్లీ బేరానికి వస్తారంటివి. మరి నీ వంక మాకెప్పుడు చెప్పావు?"

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. నా ఎద్దులను అమ్మేసి చాలా కాలమైంది. తెలిసిన కబుర్లు అయిపోవచ్చాయి. వారం వారం రాయలేను. నెలకొక్కటి రాస్తాను, అది మాత్రం ఎద్దుల మీదే ఉంటుంది. మీరూ పోతే నా మాట వినే దిక్కు లేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను.

ఈ బేరం ఇష్టమో కాదో వచ్చే శుక్రవారం లోపల కింద రాయండి. ఒక్కరూ పలక్కపోతే శనివారం బ్లాగు మూసేస్తాను.